గాలితో చల్లారే ఇంజిను

మా బావ పోయిన సంగతి విరుదునగరం నుంచి వచ్చిన మధ్యాహ్నం బస్సు డ్రైవరు చెప్పాడు. కోవిల్‌పట్టి స్టాండులో బండి నిలిపి, తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "పొద్దున మీ బావ పోయినారప్పా. జొరం దిగనే లేదు. అక్క నిన్ను సీక్రం రమ్మనింది" అన్నాడు. తిరిగి పోయే అదే బస్సెక్కాను. దారి పొడుగునా ఆయన గురించి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

బావ విరుదునగరంలో పత్తి మిల్లులో ఫిట్టరు. చిన్నప్పుడు వచ్చిన జబ్బుతో ఎడమకాలు పొట్టిదైంది. నడిస్తే ఒక పక్కకు ఒరిగేవాడు. ఏ యంత్రం ఆగినా "పాడైంది" అనేవాడు కాదు, "ఏడ పట్టుకునింది?" అని అడిగేవాడు. మా ఇంట్లో ఎవరైనా ముఖం ముడుచుకుని కూర్చున్నా అదే ప్రశ్న.

ఆ రోజుల్లో ఎండాకాలం ఆదివారాలు కడంబూరు వైపు గట్టి ఎర్రమట్టి దారిలో మోటారు సైకిళ్ళ పందేలు జరిగేవి. రైల్వే దొరలు, మిల్లు యజమానుల కొడుకులు, బస్సులు నడిపేవాళ్ళు వచ్చేవారు. తాటితోపు చుట్టి రావాలి, మళ్ళీ పోవాలి. బావ ఒక పక్కన నిలబడి కళ్ళు మూసుకుని చప్పుళ్ళు వినేవాడు.

పత్తి కంపెనీ దొర ఒకడు ఊరు విడిచిపోతూ షెడ్డులో పడేసిన మోటారు సైకిలు బావ చేతికి వచ్చింది. పిస్టను పగిలిపోయింది. ఆ ఇంజినుకు నీళ్ళు పోయరు. సిలిండరు చుట్టూ పలచని ఇనుప రెక్కలుంటాయి, బండి పోతుంటే వాటికి తగిలే గాలే దాన్ని చల్లార్చాలి. ఆ రెక్కలూ సగం విరిగి ఉన్నాయి.

"మన వెయిలుకు, ఈ ఎండకు అది తాళదప్పా. సంతకు పోయి వచ్చేదానికి సరి. పందేనికి ఒద్దు" అన్నాడు తెలిసిన బస్సు యజమాని ఒకాయన, మంచి మనసుతోనే.

"నీళ్ళు లేని సీమ గదా మనది. మనకు ఇట్లాంటి ఇంజినే కావాల. చేసి చూస్తా" అన్నాడు బావ.

విరిగిన రెక్కలకు ఇత్తడితో అతుకులు వేశాడు. గాలీ పెట్రోలూ లోపలికి పోయే దారిని ఆకురాయితో నున్నగా అరగదీశాడు. పాత అల్యూమినియం పిస్టన్లు కరిగించి, ఇత్తడి బిందెలు పోతపోసే ఆయన చేత ఇసుక అచ్చులో కొత్తది పోయించాడు. మొదట వచ్చినవాటిలో బుడగలు పడ్డాయి. వాటిని పగలగొట్టి మళ్ళీ పోయించాడు. ఇంజినుకు నూనె మా చేని ఆముదమే. అక్క గానుగలో ఆడించి, గుడ్డలో వడగట్టి ఇచ్చేది. బండి వీధిలో పోతే ఆముదం కాలిన వాసనకు పిల్లలు నోళ్ళు మూసుకుని పారిపోయేవాళ్ళు, తమకే తాగిస్తారనుకుని.

ఆయన కాలు అలాంటిది గనక మొదటి పందెంలో నేనే ఎక్కాను. నడిపేవాడే మధ్యమధ్య చేతిపంపుతో ఇంజినుకు నూనె కొడుతూ ఉండాలి. సరిగ్గానే కొట్టాను. అయినా తాటితోపు దాటాక ఇంజిను ఒక్కసారిగా బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం మానేసింది. నేను ఎగిరి తుమ్మకంపలో పడ్డాను. భుజం ఎముక విరిగింది.

చుట్టూ జనం చేరారు. "నూనె కొట్టడం మరిచాడు" అని ఒకరన్నారు, అందరూ అదే అందుకున్నారు. బావ కుంటుకుంటూ వచ్చి నా తల ఒళ్ళో పెట్టుకున్నాడు. బయట ఆయన ఎప్పుడూ తమిళమే మాట్లాడేవాడు. ఆ రోజు మాత్రం ఇంట్లో మాట్లాడే తెలుగే వచ్చేసింది.

"వాడు నూనె బాగనే కొట్టినాడు! పిస్టన్ నేను బిగువుగా పెట్టినా. తప్పు నాది!"

సగం మందికి ఆ భాష అర్థం కాలేదు. అందుకని గొంతు తగ్గించకుండా తమిళంలో మళ్ళీ చెప్పాడు. ఆ తర్వాత నన్నెవరూ వేలెత్తి చూపలేదు.

ఇంటికి రాగానే అక్క గుమ్మంలోనే అడ్డం నిలబడింది. "ఇంగ మా తమ్ముణ్ణి ఆ బండి ఎక్కించొద్దండి."

"ఎక్కించను. ఇంగ నేనే ఎక్కుతా."

"ఆ కాలుతోనా?"

"ఉండేది ఈ కాలే గదా. బండి కట్టినోడే ఎక్కాల."

నలభై దాటినవాడు మిల్లు ఆవరణలో బండి నేర్చుకున్నాడు. పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. అక్క మోకాళ్ళకు పసుపు పెడుతూ తిట్టేది, తెల్లారితే మళ్ళీ ఆముదం సీసా నింపి ఇచ్చేది.

విప్పిన పిస్టను నా చేతిలో పెట్టి చూపించాడు. సిలిండరుకు రాసుకున్నచోట రెండు పక్కల అద్దంలా మెరుస్తోంది. "పట్టుకునిందని సుత్తెతో కొట్టొద్దు అబ్బీ. ఏడ మెరుస్తావుందో చూడు. ఆడ మటుకు గీకు" అన్నాడు. ఆ తర్వాత అన్నదమ్ముల తగాదాల్లోనూ నాకు ఆ మాటే దారి చూపింది.

వేడికి పిస్టను ఎంత ఉబ్బుతుందో తెలియాలని దాన్ని నూనెలో వేసి అక్క పొయ్యి మీద కాచాడు. "అన్నం వండే కుండలో ఇనుం వండుతారా?" అని అక్క అరిచింది. "ఇనుం కాదు, అల్యూమినియం" అన్నాడాయన అమాయకంగా. అక్కకు నవ్వు ఆగలేదు. ఆయన పట్టకారుతో పిస్టను తీసి కొలుస్తుంటే, కుండ కదలకుండా గుడ్డతో తనే పట్టుకుంది.

ఇక గాలి. రెక్కలన్నింటికీ పత్తి పోగులు అంటించాడు. ఆయన బండి మీద, నేను పక్కనే పోయే బస్సు కిటికీలో. ముందువైపు పోగులు రెపరెపలాడుతున్నాయి, వెనకవైపువి చచ్చినట్టు వేలాడుతున్నాయి. "ఎనక గాలే లేదు బావా!" అని కేక వేశాను. బండి ఆపి, ఎండలో నిలబడి చాలాసేపు నవ్వాడు. కిరసనాయిలు డబ్బా రేకు వంచి, గాలిని వెనక్కి మళ్ళించే తొట్టి ఒకటి చేసి బిగించాడు. పోగులు కదిలేదాకా దాన్ని వంచుతూనే ఉన్నాడు.

మరుసటి ఏడాది పందెం నాటికి ఎండలు ముదిరాయి. అక్క మొదటిసారి చూడటానికి వచ్చింది. తలమీద కొంగు కప్పుకుని తాటితోపు దగ్గర నిలబడింది. నేను వెనక నుంచి తోశాను, ఇంజిను అందుకుంది. బావ మొదటి చుట్టులో అందరికన్నా వెనక ఉన్నాడు. తరవాత ఒక్కొక్కరినే దాటాడు. తోపు మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా అక్క గొంతు చించుకుని అరిచింది.

"కొట్టండి! నూనె కొట్టండి!"

మొగుడి వైపు అంత గట్టిగా కేకవేసిన ఆడమనిషిని ఆ జనం అంతకుముందు చూసి ఉండరు.

ఆయన గెలవలేదు. రైల్వే దొర కొత్త బండి ముందుపోయింది, బావది రెండోది. కానీ ఆ ఎండలో చివరిదాకా ఇంజిను ఒక్కసారీ తడబడలేదు. ఇది తాళదన్న బస్సు యజమానే ముందుగా వచ్చి చేతులు పట్టుకున్నాడు.

నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టేది ఆ తరవాతిది. జనం పలచబడ్డారు. బావ బండి పక్కన నేలమీద చతికిలబడ్డాడు. ముఖం నిండా ఎర్రదుమ్ము, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి. అక్క మజ్జిగ చెంబుతో వచ్చి ఏదో అనబోయింది. ఆయన వేలు పెదవుల మీద పెట్టుకుని ఆమెను పక్కన కూర్చోమన్నాడు. ఇనుప రెక్కలు చల్లారుతూ, ముడుచుకుంటూ, ఒక్కొక్కటే చిన్నగా టిక్కు, టిక్కు మంటున్నాయి. అక్క చెంబు ఒళ్ళో పెట్టుకుని, తల వంచి వింటూ కూర్చుంది.