గుమ్మం బయట చెప్పులు

తొంభైల చివర్లో నేను ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు మా డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే కంప్యూటర్, వంతులవారీగా వాడుకునేవాళ్లం. నా ప్రాజెక్ట్ ప్రోగ్రామ్‌ను స్టార్ట్ మెనూలో పెట్టుకుంటే మర్నాటికి మాయమయ్యేది. మళ్లీ పెడితే మళ్లీ పోయేది.

"ముట్టుకున్నదల్లా చెడగొడుతున్నవ్. ఇంకోసారి ఇట్లయితే లోపలికి రానియ్య" అని ల్యాబ్ సార్ అందరి ముందూ అరిచాడు. నా ప్రాణస్నేహితురాలు సునీత మాత్రం రోజూ పక్కన కూర్చుని, "వైరసేమోనే" అంటూ సరిచేసిపెట్టేది.

ఆ ల్యాబ్‌లోకి చెప్పులు బయట విడిచే వెళ్లాలి. ఒకరోజు తార్నాకలో బస్సు దిగుతుంటే నా చెప్పు తెగింది. జతను చెప్పులు కుట్టేవాడి దగ్గర వదిలేసి ఉత్తకాళ్లతో క్యాంపస్‌కి నడిచాను. ల్యాబ్‌లో బల్ల కింద వంగి వైర్లు చూస్తుంటే తలుపు తెరుచుకుంది.

"దాని చెప్పుల్లేవు, ఇంకా రాలే. జల్ది మెనూల నుంచి తీసేస్తా. సార్ దాన్ని ఎల్లగొడితే దాని టైము మనకే." సునీత గొంతు. వెంట వచ్చినవాళ్లు పకపకా నవ్వారు.

లేచి నిలబడ్డాను. సునీత నా మొహం చూడలేదు, కాళ్లు చూసింది.

"నీ చెప్పులేవే?" అంది, మోసం చేసింది నేనన్నట్టు.

క్షమించానా అంటే, లేదు. ఇప్పటికీ ఎవరైనా పక్కన కూర్చుని సాయం చేస్తే, వాళ్లు లేచి వెళ్లాక అంతా మళ్లీ సరిచూసుకుంటాను.