నోటితో సరే అనాలి

నేను పనిచేసే యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో మా పై అధికారి సార్‌కి ఒక అలవాటుండేది. పరిశోధకుల లెక్కలు నడిచే పెద్ద మెషిన్‌ని రిపేరుకి ఆపాలంటే, అందులో ఇంకా పని నడుస్తున్నట్టు ఎవరి పేరు కనిపిస్తే వాళ్ళకి ఫోన్ చేసేవారు. ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కింది మొదలు అదే పని. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఎక్కేసరికి ఎవరినో అడుగుతూ ఉండేవారు: “అమ్మా, మీ పని అయిందా? మెషిన్ బంద్ చెయ్యనా?”

ఒక్క బటన్‌తో అయ్యే పనికి ఇంత తతంగమా అని నాకు చిరాకు. “అందరికీ మెయిల్ పెట్టాం కదా సార్,” అనేదాన్ని.

“మెయిల్ ఎవరు చూస్తరమ్మా? మనిషి నోటితోని సరే అనాలె. గప్పుడే బంద్ చేస్తా.”

పోయిన నెల సార్ గుండెపోటుతో పోయారు. మన్సూరాబాద్‌లో వాళ్ళింటికి వెళ్ళాను, కాసేపు కూర్చున్నాను, వచ్చేశాను. ఏడుపు రాలేదు.

ఇవాళ ఆ పాత మెషిన్‌ని పూర్తిగా తీసేయమన్నారు. లోపల ఎవరున్నారా అని చూస్తే ఒక్క పేరే ఉంది. సార్‌ది. ఆయన మొదలుపెట్టిన పనేదో ఇంకా నడుస్తూనే ఉంది. ఏమీ ఆలోచించకుండా ఆయన నంబరుకే చేశాను. వాళ్ళావిడ ఎత్తారు. సంగతి చెప్పాను.

“గా చప్పుడేందమ్మా?” అన్నారు.

“ఆ మెషిన్‌దేనండీ. బంద్ చెయ్యమంటారా?”

“జర ఫోన్ దాని దగ్గర పెట్టు.”

పెట్టాను. చాలాసేపటికి మళ్ళీ చెవి దగ్గరికి తెచ్చుకున్నాను. ఆవిడ లైన్లోనే ఉన్నారు. సరే అని మాత్రం అనలేదు.