ఆకులో పెట్టిన బీడీ

మా చిన్నాయన పోయాడు. పాలకోడు నుంచి పొద్దుటి బస్సులో వచ్చిన మనిషి వాకిట్లోనే నిలబడి చెప్పి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు. కొన్నాళ్లుగా భయపడుతున్న కబురే. అయినా ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తోచదు. ఈ నాలుగు మాటలు కూడా మధ్యమధ్యలో లేచి తిరుగుతూ రాస్తున్నాను.

పాలకోడు పక్కన మహేంద్రమంగళంలో ఆయనకు కాస్త మెట్ట, ఒక బావి. కపిల తోలి బావిలోంచి నీళ్లు తోడుతూ ఎద్దులతోపాటు వెనక్కీ ముందుకీ నడిచేవాడు, నోట్లో బీడీ ఆరేది కాదు. అన్న ముందు తమ్ముడు పొగ తాగకూడదన్న మర్యాదను ఆయనా మా నాయనా ఎప్పుడో గట్టున పెట్టేశారు. ఒకరి నిప్పుతో ఒకరు అంటించుకునేవారు.

మొదట చేలో నీళ్లు మళ్లించే మడవ కట్టడానికి వంగితే ఆయాసం. తర్వాత వెల్లకిలా పడుకోలేకపోయాడు. ఉమ్మిలో నెత్తురు పడ్డాకే ధర్మపురి ఆస్పత్రికి వచ్చాడు, నేనూ వెంట వెళ్లాను. డాక్టరు ఎక్స్‌రే చూసి, బీడీ మానకపోతే తానిచ్చే మందు వట్టి నీళ్లేనని అరవంలో కసిరాడు. బయటికి రాగానే చిన్నాయన చెయ్యి చెవి మీద దోపిన బీడీ దగ్గరికి పోయింది. నాకు ఒళ్లు మండింది.

"సిగ్గు లేదా చిన్నాయనా?"

"నాకు ఉండాదమ్మా. ఈ చేతికే లేదు," అని నవ్వాడు.

చివరికి ఆయనతో మాన్పించింది డాక్టరూ కాదు, నేనూ కాదు. ఉతకడానికి తీసిన కొడుకు చొక్కా జేబులో చిన్నమ్మకు బీడీపొడి కనబడింది. ఆ సాయంత్రమే చిన్నాయన కొడుకును పిలిచాడు.

"నేను ఇడిసేస్తా ఉండా. నువ్వూ ఇడిసెయ్‌రా. ఈ ఇంట్లో ఇంకెవరికీ ఊపిరి కోసరం అల్లాడే గతి వద్దు."

వాడు, నాకు తమ్ముడి వరస, తలవంచుకుని సరేనన్నాడు.

మానడమంటే మాటలా! అన్నం తిన్నాక చిన్నాయన అరుగు మీద నిలవలేక వీధి చివరిదాకా పోయేవాడు, వచ్చేవాడు, మళ్లీ పోయేవాడు. లవంగం నమిలేవాడు. చిన్నమ్మ మీద అరిచి, అంతలోనే నొచ్చుకునేవాడు. కొన్నాళ్లకు ఒకరోజు, "పులుసులో ఏమన్నా కొత్తగా ఏసినావా?" అని అడిగాడట. "ఎప్పుడూ ఏసేదే. నీ నాలికకు ఇప్పుడు తెలివొచ్చినాది," అందట చిన్నమ్మ. నిద్ర కూడా కాస్త పడుతోందన్నారు. మేమంతా ఆశపడ్డాం. కానీ ఊపిరితిత్తులు అప్పటికే చెడిపోయాయి. కాస్త ముందే మాని ఉంటే అనుకున్నప్పుడల్లా కోపం వస్తుంది. ఎవరి మీదో తెలియదు.

పోయినవారికి ఇష్టమైనవన్నీ కర్మదినం నాడు ఆకులో పెట్టడం మా వైపు ఆచారం. పొగ తాగేవారికైతే కొడుకే బీడీ నోట పెట్టుకుని వెలిగించి, ఆకు పక్కన ఉంచాలి. మా నాయన బీడీకట్ట తెచ్చి ఆకులో పెట్టాడు. ప్రేమతోనే పెట్టాడు.

"వెలిగించరా. వానికి ఇష్టమైంది ఇయ్యకపోతే మనసు ఈడనే తిరుగుతా ఉంటాది."

తమ్ముడు బీడీ తీసుకున్నాడు. పెదవులదాకా తెచ్చి ఆగాడు. పెద్దవాళ్లంతా అతని వైపే చూస్తున్నారు. మానుకున్నవాడికి ఒక్క దమ్ము చాలు, మళ్లీ మొదటికి రావడానికి.

మూలన కూర్చున్న చిన్నమ్మ లేచి వచ్చింది.

"వద్దు బావా. ఊపిరాడకనే పోయినాడు. ఈ పొద్దన్నా పొగ లేని గాలి పీల్చుకోనీండి."

తమ్ముడు బీడీని, అగ్గిపెట్టెను తల్లి చేతిలో పెట్టేశాడు. నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు. కాసేపటికి గోడ అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు, వెంటనే దగ్గు. భోజనాలకు కూర్చున్నవాళ్లమంతా ముద్ద ఎత్తకుండా, ఆ దగ్గు ఎప్పుడు ఆగుతుందా అని వింటూ ఉండిపోయాం.