రాష్ట్రపతి గారికి మా టీచర్ రాసిన అర్జీ

మా సివిక్స్ టీచర్ పోయారని మొన్న ఆదివారం వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. పొద్దున కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే వెళ్ళిపోయారట. ఎనభై దాటిన మనిషి. కష్టపడకుండా పోయారని అందరూ అన్నారు. నాకు మాత్రం ఆ పూటంతా ఏ పనికీ చేతులు రాలేదు.

బళ్ళారి కంటోన్మెంట్‌లోని మిషన్ బడిలో ఆమె మాకు పాఠం చెప్పారు. పరీక్షలో ‘రాష్ట్రపతి’ అని ఊరికే రాస్తే ఒప్పుకునేవారు కాదు. పక్కన ఎర్ర సిరాతో ‘గారు’ చేర్చి ఇచ్చేవారు. ఒకసారి ఎవరో అడిగారు, “రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపంట కదా టీచర్?” ఆమె కోప్పడలేదు. “మళ్ళీ ఆలోచించండి అని స్టాంపు అడుగుతుందా అప్పా?” అన్నారు. మంత్రుల సలహా పాటించి తీరాలని రాజ్యాంగంలో మొదట స్పష్టంగా లేదనీ, ఒక సవరణతో ఆ మాట చేర్చారనీ, తరువాతి సవరణతో ఆ సలహాను ఒక్కసారి తిప్పి పంపే వీలు ఇచ్చారనీ వివరించారు. మార్కుల కోసం బట్టీ పట్టాను.

నేను డిగ్రీ చదివేటప్పుడు మా చిన్నాయనకు ఉరిశిక్ష పడింది. పొలం గట్టు తగాదాలో కురుగోడుకు చెందిన ఇద్దరు అన్నదమ్ములను ఆయన చంపాడు. పై కోర్టులు అదే ఖాయం చేశాయి. క్షమాభిక్షకు గవర్నరు గారూ ఒప్పుకోలేదు. నాన్న లేని నన్ను పెంచింది ఆ చిన్నాయనే. రాష్ట్రపతి గారికి అర్జీ రాయించుకోవాలని మా ఊరు రూపనగుడి నుంచి బస్సెక్కి నేరుగా టీచర్ ఇంటికి వెళ్ళాను.

“మా చిన్నాయన చేయలేదని రాయండి టీచర్.”

“చేసినాడా, లేదా?”

నేను తల దించుకున్నాను.

“అయితే అబద్ధం వద్దు పాపా. మనం అడిగేది క్షమాభిక్ష. దానికి ముందు ఆ ఇంటికి పోవాల.”

కురుగోడులో చనిపోయిన ఇద్దరిలో అన్న భార్య మమ్మల్ని లోపలికి రమ్మనలేదు. టీచర్ వాకిట్లోనే నిలబడి సంగతి చెప్పారు. ఆమె గడప దాటకుండానే అంది, “వాన్ని ఉరి తీస్తే నా మొగుడు లేచి వస్తాడా టీచరమ్మా? రాసుకోండి. నేను మన్నించినానని మాత్రం రాయద్దు.”

టీచర్ ఆ మాటను ఉన్నదున్నట్టు అర్జీలో పెట్టారు. అది చూసి నాకు భయమేసింది. ఇలా రాస్తే ఎవరు కనికరిస్తారు అన్నాను. “ఆ కుర్చీలో ఉండే మనిషికి నిజం తెలియాల కదమ్మా” అన్నారు.

ఏళ్ళు గడిచాయి. రాష్ట్రపతులు మారారు. జవాబు లేదు. ప్రతిసారీ ఆమె మరో ఉత్తరం రాసి, “కొత్తవారొచ్చినారు, మన ఫైలు ఆడ ఉండాదని చెప్పద్దా?” అనేవారు. చివరికి ఉరిని యావజ్జీవంగా మార్చినట్టు కబురు వచ్చింది. నేను ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. మనం రాసినందుకే అనుకోవద్దన్నారు. “మంత్రులు సలహా ఇచ్చినారు, వారు సంతకం పెట్టినారు. ప్రాణం తీసే, నిలిపే అధికారం ఒక్కరి చేతిలో ఉండకూడదనే పెద్దలు అట్ల రాసినారు.” బట్టీ పట్టిన పాఠం నాకు ఆ రోజు అర్థమైంది.

చిన్నాయన విడుదలై వచ్చేసరికి తల పూర్తిగా నెరిసింది. మొదట టీచర్ ఇంటికే వెళ్ళి కాళ్ళకు దండం పెట్టబోయాడు. ఆమె వెనక్కి జరిగారు. “నాకెందుకప్పా? కురుగోడుకు పోదాం పద.”

నడవడానికి చేతకాని వయసులో ఆటోలో మాతో వచ్చారు. నన్ను పక్కనే కూర్చోబెట్టుకుని, ఆయనను ఒక్కడినే పంపారు. చిన్నాయన చెప్పులు రోడ్డు మీదే విడిచి, ఆ వాకిట్లో తల వంచుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఆ ఇంటామె బయటికి వచ్చింది. పైనుంచి కిందిదాకా చూసింది. తిరిగి లోపలికి వెళ్ళిపోయింది.

నేను దిగబోతే టీచర్ నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ ముసలి వేళ్ళ పట్టు ఇప్పటికీ నా మణికట్టుకు తెలుస్తూనే ఉంది. ఎదురుగా ఎండలో చిన్నాయన నిలబడే ఉన్నాడు. ఆ ఇంటామె తలుపు వేయలేదు.