ఇంద్ర సోడా, కొత్తపేట

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే పట్టాభికి పాత గోలీసోడా సీసాలంటే పిచ్చి. భీమవరం నుంచి వచ్చిన కొత్తలో పట్టుకుంది, ఇంకా వదల్లేదు. సీసా దొరికితే చాలదతనికి. ఎవరు నింపారు, ఎక్కడ అమ్మారు, కొట్టు ఎందుకు మూతపడింది, అన్నీ ఆరా తీయాల్సిందే.

ఒకసారి పెద్ద అంబర్‌పేట్‌లో పాతసామాన్ల కొట్టు గోనెసంచిలో లేతాకుపచ్చ సీసా కనిపించింది. మెడలో గోలీ పదిలంగా ఉంది. గాజు మీద ఉబ్బెత్తు అక్షరాలు: ఇంద్ర సోడా, కొత్తపేట.

తానుండేదీ కొత్తపేటే. నెలల తరబడి అడిగినా ఆ పేరు విన్నవాళ్లే లేరు. చివరికి రైతుబజారు పక్కన పాన్‌డబ్బా ముసలాయన సీసా తిప్పి చూశాడు.

"పేరు నాకు తెల్వదు గని, గప్పట్ల ఈడ సోడా కొట్టింది అంజయ్య ఒక్కడే. నువ్వు కిరాయికుండేది ఆయనింట్లనే గదా."

ఇన్ని నెలలూ ఊరంతా తిరిగి అడిగాడు పట్టాభి, ఇంటి ఓనరు ఇంద్రమ్మను తప్ప.

నేరుగా ఆమె వాకిట్లోకి వెళ్లి సంచిలోంచి సీసా తీశాడు. చిక్కుడుకాయలు తుంచుతున్న ఇంద్రమ్మ పామును చూసినట్టు వెనక్కి జరిగింది.

"గిది ఏడికెళ్లి ఒచ్చింది సారూ? అన్నీ నేనే పలగ్గొట్టిన గదా."

"ఎందుకండీ?"

"మా ఆయన గ్యాసు పడుతుంటే ఒకటి పేలింది. గాజు పెంక మెడల దిగింది. దవాఖానకు పోయేలోపే పాణం పోయింది. కొత్త సీసాలొచ్చి వారం గూడ కాలే. రోకలి తీస్కొని అన్నీ నుగ్గు చేసిన. ఈ ఇల్లు కట్టేటప్పుడు పునాదిల పోయించిన. నువ్వు పండుకునే అర్ర కిందనే ఉన్నయి."

పట్టాభి తన వెనక పోర్షన్ వైపు చూశాడు. ఏదో ఒకటి అనాలని అన్నాడు:

"మీ పేరున్న సీసాలు కదండీ. చేతులెలా వచ్చాయి?"

"నా పేరేంది?"

ఆమెకు చదువు రాదు. పట్టాభి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివి వినిపించాడు. ఇంద్రమ్మ ఆ అక్షరాలను వేలితో తడిమింది.

"ఒక్కనాడు గూడ పేరు పెట్టి పిల్వలే నన్ను. ఇగో, అగో అనేటోడు," అంది. "సీసా మీద రాయించిండా?"

పట్టాభి సీసాను ఆమె ఒళ్లో వదిలేసి వెనక పోర్షన్‌కు వెళ్లిపోయాడు. అలాంటిది ఇంకొకటి కోసం ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాడు, దొరకలేదు. ఉన్న ఒక్కటీ ఇంద్రమ్మ టీవీ పక్కన పెట్టుకుంది.