మాస్కులో పిండిన భజ్జీలు

ఆ రోజుల్లో నా మూతికి మాస్కు ఉండేది గానీ నా తెలివికి మాత్రం అడ్డు ఉండేది కాదు. సూరత్‌లో ఖటోదరా కార్ఖానాలో, మరమగ్గాల మీద నేసిన బట్టకు అంటిన నూనె మరకల్ని పొడిగుడ్డతో అద్ది, సుద్దపొడి రుద్ది పోగొట్టడం నా పని. అందులో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం (ఇంకెవరూ ఆ పనికి ఒప్పుకోలేదన్నది వేరే సంగతి). లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని మా మేనమామ షుగరు పెంచుకున్నాడు, నేను ఆయన కూతురి మీద ఆశ పెంచుకున్నాను.

హోటళ్లు మళ్లీ తెరిచిన మొదటి ఆదివారం, బయట తినకపోతే బతకలేనన్నాడు మామ. అత్తమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆవిరి మీద ఉడికిందే తినిపియ్యాలె. నూనెది మూతికి తగలొద్దు. గా ఒక్క నోరు కాయలేనోనికి పిల్లనెట్లిస్త?" అంది. అన్నంత పనీ చేసే మనిషి. కార్ఖానా గుడ్డతో తాను కుట్టిన కొత్త మాస్కులు మా ఇద్దరికీ తగిలించి పంపింది.

అడాజన్‌లో ఓ హోటల్లో మామకు లోచో చెప్పాను. శనగపిండిని ఆవిరి మీద ఉడికించేదే కదా అని ధీమా. తీరా చూస్తే పైన ధారగా నూనె పోసి, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి తెచ్చారు. "ఆవిరిదే గదరా," అంటూ మామ చెయ్యి పెట్టబోయాడు. ఆగమని, నా మాస్కు తీసి, లోచోను అందులో మూటగట్టి పిండాను. నూనె బాగానే దిగింది. మిగిలిన ముద్దను మామ కాసేపు చూశాడు. "గిదేందిరా, గోడకు పూసేదా?" అన్నాడు. అంతలోనే ఆయన కళ్లు మెరిశాయి. "పిండితే నూనె పోతదన్నట్టేగా. అయితే జర టమాటా భజ్జీలు గూడ తెప్పియ్యి." ఆ వాదనలో నాకు తప్పేమీ కనబడలేదు. నాలుగు ప్లేట్లు పిండాను. నా మాస్కు చాలక మామదీ తీసుకున్నాను. "భాయ్, ఖానా హై కి ధోనా హై?" అని, తింటారా ఉతుకుతారా అన్నట్టు, వెయిటరు నిదానంగా అడిగాడు. జేబులోంచి సుద్దపొడి కూడా తీశాను గానీ మామ ప్లేటు వెనక్కి లాక్కున్నాడు.

మాస్కు లేకపోతే బస్సెక్కనివ్వరు కనుక అవే తగిలించుకుని, దారంతా భజ్జీల వాసన పీలుస్తూ వచ్చాం. దిగేసరికి మామకు మళ్లీ ఆకలేసింది.

"లోచో తిన్న," అన్నాడు మామ గుమ్మంలోనే. నేను నోరు మూసుకుని ఉంటే పెళ్లి ఖాయమయ్యేది. కానీ పనితనం చూపించుకోవాలి కదా. "చూడు అత్తమ్మా, మామ కడుపులకు పోవాల్సిన నూనె," అని రెండు మాస్కులూ ఆమె చేతిలో పెట్టాను. అత్తమ్మ వాటిని విప్పి చూసింది. "లోచోల టమాటా గింజలు యాడికెల్లి వచ్చినయిరా?" అంది. మామ నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. "ఇగ పిల్ల సంగతి మర్చిపో," అంది అత్తమ్మ. అప్పుడు వంటింట్లోంచి నవ్వు వినబడింది. "మమ్మీ, బావకు ఝూఠ్ చెప్పుడు గూడ వస్తలేదు. నన్ను గీయనకే ఇయ్యి."

ఇప్పుడు షుగరు నాకూ వచ్చింది. ఆదివారం హోటల్లో నేను భజ్జీలు చెబితే మా ఆవిడ సంచిలోంచి తెల్లగుడ్డ తీసి నా ముందు పెడుతుంది. బుద్ధిగా పిండుకుంటాను. ఆమె అటు తిరిగినప్పుడు మాత్రం కొంచెం వదులుగా పిండుతాను. ఆ రోజుల్లోని నేనైతే ఇంటికెళ్లి అదీ చెప్పేసేవాణ్ణి.