సువార్తమ్మ పుంజు ఎవరితోని కొట్లాడింది?

2023, చలి మొదలైన దినాలు. అప్పటికి పెద్దేముల్ దిక్కు పశువుల దవాఖానల నాది పదహారేండ్ల నౌకరి. నేను డాక్టర్ని కాను, లైవ్‌స్టాక్ అసిస్టెంట్‌ని. అంటే సూదులేసుడు, మందు తాపుడు, ఊర్లు తిరుగుడు. బర్రెకు జరమొస్తె నన్ను ఇజ్జత్‌తోని ఇంటికి పిలుస్తరు. కోడికొస్తె మాత్రం, షేర్ ఆటో ఎక్కబోతుంటె చెయ్యి పట్టి గుంజుతరు.

సువార్తమ్మ గట్లనే గుంజింది. యాభై ఏండ్ల మనిషి, కూలికి పోతది. ఇంట్ల ఎనిమిది పెట్టలు, ఒక్క పుంజు.

"మేడం, రెండుసార్లు పొదగేసిన. ఒక్క పిల్ల లేవలె, గుడ్లన్ని మురిగిపాయె. మూడోసారి మళ్ల ఏసి వారమైంది. పుంజు పెట్టల మొకమే చూస్తలేదు. పొద్దుగాల యాడికో పోతది, మొకమంత నెత్తురు చేసుకొని వస్తది."

"ముసల్ది అయ్యుంటది. వేరే పుంజును తెచ్చుకో అక్కా."

"వద్దు మేడం, దీని పిల్లలే కావాలె. మా ఆయన అరచేతుల వెట్టుకొని సాదిండు దీన్ని. ఆయన పోయి ఏడాది కావొస్తుంది. మా మరిదేమొ క్రిస్మస్‌కు కోసుకుందామంటుండు. అంతల్నే నాలుగు పిల్లలన్న లేవకుంటె ఇగ ఏం మిగలదు."

సరే, పోయిన. పుంజు ముక్కు కొస విరిగింది, తురాయి చినిగింది, ఒళ్లు సగమైంది. పేన్ల మందు చల్లిన. డీవార్మింగ్ చేసిన, అంటే కడుపుల పురుగులు పడనీకి మందు తాపుడు. విటమిన్ టానిక్ ఇచ్చిన. పొదుగు మీదున్న గుడ్లకు క్యాండ్లింగ్ గూడ చేసిన. చీకటి అర్రల గుడ్డు కింద ఫోన్ లైట్ వెడితె, పుంజు తొక్కిన పెట్ట గుడ్డయితె వారానికల్లా లోపల ఎర్ర నరాలు కనిపిస్తయి. ఈమె గుడ్లు ఒక్కటి గూడ గట్ల లేదు. అన్నీ ఉత్తయే.

వారమయినంక మళ్ల ఫోను. "ఇంకింత నెత్తురు కారుతుంది మేడం." నాకు ఒళ్లు మండింది. నెత్తురొచ్చిందంటె ఇంకో పుంజుతోని కొట్లాటనే, ఇండ్ల అనుమానమేముంది? సీదా పక్కింటికి పోయి దులిపేసిన. "మీ పుంజును కట్టేసుకోండ్రి! ఆమె పుంజు సస్తె ఎవరిది జిమ్మెదారి?"

పక్కింటామె నన్ను కిందికి మీదికి చూసి, "మాకు కోళ్లే లేవు మేడం, పిల్లి ఉంది. కట్టేయాల్నా?" అనడిగింది. సువార్తమ్మ మరిది దావీదు వాకిట్ల నిలబడి ఒకటే నవ్వుడు. "ఇంత పరేషాన్ ఎందుకు మేడం? మసాల నూరితె కొట్లాటే ఉండదు" అన్నడు. ఆటోల ఇంటిదాక పండ్లు కొరుక్కుంట వచ్చిన.

మూడోసారి పొద్దుగాల్నే పోయి, వాకిట్ల స్టూలేసుకొని కూసున్న. ఇయ్యాల దీని సంగతేందో చూస్త అనుకున్న. సువార్తమ్మ గంప ఎత్తింది. పుంజు బయటికొచ్చి, పెట్టల దిక్కు తిరిగి గూడ చూడకుంట, ఇంటెనకకు నడిచింది. నేను దాని ఎంబడి పోయిన.

ఇంటెనక గోడకు ఆనిచ్చి ఒక నల్ల గ్రానైట్ పలక. అద్దమోలె పాలిష్ వట్టి ఉంది. పుంజు మెడ ఈకలు లేపింది. లోపలున్న పుంజు గూడ లేపింది. ఇది ఎగిరి తన్నింది, అది గూడ తన్నింది. లోపల కనిపించేది తననే అని కోడికేం ఎర్క? ఓడిపోని శత్రువు దొరికినంక దానికి పెట్టలు యాడ యాదికొస్తయి? నా నెత్తి నేనే కొట్టుకున్న. రెండుసార్లు వచ్చిన, సంచెడు మందులు మోసిన, ఇంటెనకకు పది అడుగులు వెయ్యలె.

"అక్కా! గీ బండ ఎన్నాళ్ల సంది ఉందిక్కడ? జర చెప్పొద్దా నాకు? మీద ఒక గోనెసంచి కప్పితె అయిపోయేటిది గదా!" అని ఒర్రిన.

ఆమె మెల్లగ దగ్గరికొచ్చింది. "ఆయన పేరు మీద గోనెసంచి కప్పాల్నా మేడం?"

అప్పుడు చూసిన అక్షరాలు. పేరు, పుట్టిన తారీకు, పోయిన తారీకు. ఆయన తాండూరుల బండల పాలిష్ మిషన్ కాడ పనిచేసేటోడట. ఆయన దోస్తులే సొంతంగ పాలిష్ వట్టి, సమాధికని మూడు నెల్ల కింద తెచ్చి దించిపోయిన్రట.

"మరి నిలబెట్టలేదేందక్కా?"

"నిలబెడితె ఇగ నిజంగ పోయినట్టే గదా మేడం. ఈడుంటె ఇంట్లనే ఉన్నడనిపిస్తది. చూడలేక నేను ఇంటెనకకే రాను."

ఏడుపొచ్చింది నాకు. ఒర్రినందుకు సిగ్గయింది. అయినా చెప్పకుంట ఉండలేకపోయిన. "బండ ఈడుంటె పుంజు దక్కదక్కా. కొట్లాడి కొట్లాడి సస్తది."

నాలుగు రోజులకు ఫోనొచ్చింది. "ఆదివారం చర్చి అయినంక బండ నిలబెడుతున్నం. మీరు గూడ రాండ్రి." పోయిన. దావీదే సిమెంటు కలిపిండు. ఆరోజు ఒక్క పరాష్కం ఆడలె. సువార్తమ్మ కొంగుతోని ఆ పేరు తుడిచి, సేపటిదాక అక్కడ్నే కూసుంది.

పుంజు రెండు రోజులు ఉత్త గోడ ముంగట నిలబడి ఎతుకులాడిందట. మూడోనాడు పెట్టల్ల కలిసింది. ఇంకో పది రోజులు ఆగి గుడ్లు పొదగేయించిన. వారమయినంక చీకటి అర్రల లైట్ వెట్టిన. ఎర్రటి నరాలు, నడుమ ఒక చుక్క.

"కొట్టుకుంటుందేంది మేడం?"

"గుండె అక్కా."

ఆమె గుడ్డును రెండు అరచేతుల్ల వట్టుకొని ఇడుస్తలేదు. "సల్లవడుతది, పెట్ట కింద పెట్టక్కా!" అని మళ్ల ఒర్రాల్సొచ్చింది. దావీదు క్రిస్మస్‌కు దుకాణంల బాయిలర్ కోడి తెచ్చుకున్నడు.

గప్పటిసంది ఏ ఇంటికి పోయినా, సంచి తెరిచే ముందు ఇల్లు సుట్టు ఒక్కసారి తిరుగుత. ఇంట్ల కొత్తగ ఏమొచ్చిందని అడుగుత. ఎవరు పోయిన్రని గూడ అడుగుత.